అప్‌డేట్: పోడు పట్టాలో ఆడవాళ్ల పేర్లు

పోడు (అడవిలో సాగు చేసుకునే భూమి) పట్టా దరఖాస్తుల్లో భర్త పేరే రాస్తున్నారు, మా గూడెం ఆదివాసీ మహిళా సంఘం ఏం చేయగలదని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. తేలింది ఇదీ.

అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 4(4) ప్రకారం పెళ్లయినవాళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఒంటరి మహిళ ఇంటి పెద్దయితే ఆమె ఒక్కరి పేరునే. దరఖాస్తు పత్రం ఫారం-ఎలో రెండో గడి జీవిత భాగస్వామి పేరు. ఎక్కువగా ఖాళీగా పోయేది అదే. అందుకే సంఘం వాళ్లు ఫారాలన్నీ ఒకచోట పెట్టుకుని, ఆ గడి నిండాకే ఊరి అటవీ హక్కుల కమిటీకి ఇస్తున్నారు, రసీదు రాయించుకుంటున్నారు.

అసలు చిక్కు దరఖాస్తులపై తీర్మానం చేసే గ్రామసభ దగ్గర. సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి, దరఖాస్తుదారుల్లో కనీసం సగం మంది ఉండాలి. కూలికి వెళ్లే రోజు సభ పెడితే కోరం చాలదు, తీర్మానం నిలవదు. తేదీ సంఘమే ముందుగా అడిగి పెట్టించుకోవడం మేలు. అటవీ హక్కుల కమిటీలోనూ మూడోవంతు మహిళలు తప్పనిసరి.

భూమి సాగులో ఉన్నట్టు ఆధారాలు ఒకటి కంటే ఎక్కువ కావాలి: పాత రేషన్ కార్డు, గట్లు, బావి, పెద్దల వాంగ్మూలం (దరఖాస్తుదారు కాని పెద్దలది, రాతపూర్వకంగా). ఉపగ్రహ చిత్రంలో సాగు కనబడలేదంటూ తోసిపుచ్చితే ఒప్పుకోవద్దు. నిబంధనల ప్రకారం అది మిగతా ఆధారాలకు తోడు మాత్రమే.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. అప్పీలుకు గడువు 60 రోజులు. నోటిమాటగా చెప్పి పంపేస్తే ఆ గడువు ఎప్పుడు మొదలైందో చూపించే కాగితమే ఉండదు.