ఆటోమేటిక్ వాచీకి చేతితో కీ ఇవ్వడంపై సందేహం

నా ఆటోమేటిక్ వాచీ పూర్తిగా కీ ఎక్కితే సుమారు 38 గంటలు నడవాలి, కానీ రాత్రి తీసి పెడితే మరుసటి మధ్యాహ్నానికే ఆగిపోతోంది. నేను రోజంతా కూర్చునే పనిచేస్తాను కాబట్టి, చేయి కదలిక చాలక రోటర్ (చేయి కదిలినప్పుడు తిరిగే బరువు బిళ్ళ) మెయిన్ స్ప్రింగును (వాచీని నడిపే స్ప్రింగును) పూర్తిగా చుట్టలేకపోతోందా, లేక లోపలి నూనె ఎండి సర్వీసింగ్ అవసరమైందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

చేతితో కీ ఇచ్చే వాచీల్లో స్ప్రింగు నిండగానే క్రౌన్ (కీ ఇవ్వడానికి తిప్పే పక్క బొడిపె) బిగుసుకుంటుంది. ఆటోమేటిక్‌లో మాత్రం స్ప్రింగు బయటి కొస బ్యారెల్ (స్ప్రింగు ఉండే గుండ్రటి డబ్బా) గోడకు స్థిరంగా బిగించి ఉండదు. బిగువు హద్దు దాటితే అది గోడ వెంట జారిపోతుంది కనుక, అతిగా తిప్పినా తెగదని అర్థం చేసుకున్నాను (ఈ ఏర్పాటు నిజంగా ముచ్చటైనది). అయితే స్ప్రింగు నిండిందని తెలిసేదెలా? ఆగిన వాచీని ధరించే ముందు క్రౌన్‌ను ఎన్ని చుట్లు తిప్పాలి? రోజూ అలా తిప్పితే పళ్ల చక్రాలు త్వరగా అరుగుతాయా?

స్ప్రింగు బిగువు తగ్గినప్పుడు బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నియంత్రించే చక్రం) ఊగే కోణం తగ్గి సమయం తేడా వస్తుందంటారు. వాచీ వైండర్ (వాచీని తిప్పుతూ కీ ఎక్కించే పరికరం) కొనకుండానే దీన్ని సరిచేసుకోవాలని నా ఉద్దేశం. మూవ్‌మెంట్లు (వాచీ లోపలి యంత్రాలు) విప్పి చూసిన అనుభవజ్ఞులు, సర్వీసింగ్‌కు ఇచ్చే ముందు ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఏదైనా ఉంటే దయచేసి వివరించగలరు.