చేతబడి నెపంతో దాడులు: మనకూ ప్రత్యేక చట్టం కావాలా?

తంగేడు: బీహార్ 1999లోనే చట్టం చేసింది. ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, అస్సాం 2015లో చేశాయి. బాణామతి, చిల్లంగి అంటూ మనుషుల్ని చావగొట్టే మన రెండు రాష్ట్రాల్లో మాత్రం ఇప్పటికీ మామూలు సెక్షన్లే. ఇవి సరిపోతాయా?

నల్లకోటు: సరిగ్గా వాడితే చాలావరకు సరిపోతాయి. మంత్రం పలకకూడదని పళ్లు రాలగొడతారు కదా, అదే తీసుకోండి. ఒక్క పన్ను విరిగినా, ఊడినా న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 116వ సెక్షన్ ప్రకారం తీవ్ర గాయమే. 117(2) కింద ఏడేళ్ల దాకా పడుతుంది. కేసు చెడేది ఆసుపత్రిలో. గాయం సర్టిఫికెట్‌లో "పెదవి చిట్లింది, నోట్లో రక్తం" అని రాసి వదిలేస్తే 115(2)కి జారిపోతుంది. దానికి గరిష్ఠం ఏడాది, పైగా మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. అందుకే దంతవైద్యుడితో చూపించి ఏ పన్ను, విరిగిందా ఊడిందా, గాయం కొత్తదా పాతదా రాయించాలి. ఎక్స్‌రే తప్పనిసరి.

గోరింట: పళ్లు పోయాక సంగతి చెప్పారు సార్. "ఫలానా ఆమే చేసింది" అని ఊరంతా అనుకునే రోజున ఏ సెక్షన్ పెడతారు? పరువు నష్టమంటే 356. ఆమే కోర్టుకెళ్లి ప్రైవేటు కంప్లయింటు వేసుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లో టోనహీ, అంటే మంత్రగత్తె, అని ముద్ర వేయడమే నేరం, మూడేళ్ల దాకా జైలు. ఇంకోటి, మీ 117(2)లో బెయిలు హక్కు. కోర్టు ఒప్పుకుంటే రాజీ కూడా. పెద్దమనుషులు ఆ పని మీదే ఉంటారు. అస్సాం చట్టంలో ఆ రెండూ లేవు.

నల్లకోటు: ముందు దశకు బైండోవర్ ఉందండీ. సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 126 కింద తహసీల్దారు ముందు ఏడాది వరకు పూచీకత్తు రాయించవచ్చు. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే 2015 సవరణతో అట్రాసిటీ చట్టంలో మంత్రగత్తె నింద మీద వేధింపును విడిగా నేరం చేశారు, ఆర్నెల్ల నుంచి ఐదేళ్లు.

గోరింట: నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాకపోతేనే కదా అది వర్తించేది! గూడెంలో వేలు చూపేది సొంత మరిదే అయితే?

వేపచెట్టు: చట్టం పేరు చూసి మురిసిపోకండి. బీహార్ చట్టంలో డాయన్ (మంత్రగత్తె) అని ముద్ర వేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా. జార్ఖండ్ దాన్నే తెచ్చుకుంది, హత్యలు ఆగలేదు. మనం రాస్తే అంజనం వేసి చేతబడి చేసిందెవరో చెప్పేవాణ్ని పట్టేలా రాయాలి. గడుసువాడు పేరు చెప్పడు. "తూర్పు వాకిలి ఇల్లు, ఒంటరి ఆడమనిషి" అంటాడు, మిగతాది ఊరే పూరిస్తుంది. ప్రేరేపణ కింద వాణ్ని ఇరికించబోతే "నేనెవరి పేరూ అనలేదు" అని బయటపడతాడు. ఆనవాలు చెప్పడమూ నేరమేనని నిర్వచనంలో రాయకపోతే ఏ చట్టం తెచ్చినా వాడు ఏ-1 కాడు.

నల్లకోటు: ఆ ఒక్క క్లాజు కోసమైతే నేనూ ఒప్పుకుంటా. వాక్యం ఎలా ఉండాలో రాసి పెట్టండి, కోర్టులో ఎక్కడ తెగుతుందో చూద్దాం.