ఎండకి నల్లబడితే చర్మం పాడైనట్టేనా? నాన్న ముక్కు మీద పుండు చూశాక అడుగుతున్నా

మిరపచేను · ఆదివారం, రాత్రి 9:40

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. మిరప, పత్తి వేస్తాం. నాన్నకి 61. పోయిన ఉగాదికి ముక్కు పక్కన కందిగింజంత బొడిపె లేచింది. పైన పెచ్చు కట్టేది, తువ్వాలుతో మొహం తుడుచుకుంటే ఊడి చుక్క రక్తం వచ్చేది, వారానికి మళ్ళీ పెచ్చు. మిరప కొమ్మ గీసుకుందన్నాడు, గడ్డం గీస్తుంటే తెగిందన్నాడు, పసుపు రాసుకుంటూ పది నెలలు గడిపాడు. సంక్రాంతికి ఇంటికెళ్ళి టార్చి వేసి చూస్తే అంచు చుట్టూ ముత్యంలా మెరుపు, మధ్యలో చిన్న గుంట. ముక్క తీసి పరీక్షకి పంపితే బేసల్ సెల్ కార్సినోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్ అని వచ్చింది. పెద్దవాళ్ళు రాచపుండు అనే జాతిదే. ఒళ్ళంతా పాకడం చాలా అరుదట, కానీ ఉన్నచోట నిదానంగా తినుకుంటూ పోతుంది. కోసి తీసేశారు, ఇప్పుడు బాగున్నాడు.

నేను చెప్పేది ఒకటే. నల్లబడటం అంటేనే చర్మం పాడవడం మొదలైనట్టు, మనం మాత్రం 'ఎండకి కమిలిందిలే' అని వదిలేస్తాం. నాన్న మెడ వెనక తోలు మందమెక్కి నల్లబడి, ఎండిన చెరువు అడుగులా గీతలు పడింది. ముప్పై ఏళ్ళుగా రోజూ చూస్తున్నాం, ఒక్కరం పట్టించుకోలేదు.

నల్లరేగడి · 10:15

మీ నాన్నగారు కోలుకున్నారు, సంతోషం. కానీ ఒక పుండు చూసి ఊరందరి నలుపునీ జబ్బు అంటే నేను ఒప్పుకోను. మా అమ్మకి 74. నాట్లు, కలుపు, కోతలు, ఇప్పటికీ చేనుకి వెళ్తుంది. మొహం మీద పులిపిరి కూడా లేదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ మనకి పుట్టుకతో వచ్చిన గొడుగు. తెల్లవాళ్ళకి వచ్చినట్టు మనకి చర్మ క్యాన్సర్లు రావు, ఇది డాక్టర్లే చెప్తారు. వాళ్ళ పాఠం తెచ్చి మన రైతులకి అప్పజెప్పడం, ఆ వెనకే సన్‌స్క్రీన్ అమ్మడం, ఇదే కదా జరుగుతోంది.

మిరపచేను · 10:32

గొడుగు ఉంటే తక్కువ తడుస్తాం అంతే, అసలు తడవకుండా పోం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కణంలో డీఎన్‌ఏని దెబ్బతీస్తే, ఆ దెబ్బకి చర్మం రంగు పెంచుకుంటుంది. అంటే మీరు చెప్పే గొడుగు కొంత దెబ్బ తగిలాకే పూర్తిగా తెరుచుకుంటోంది. మనకి తక్కువ వస్తాయి, నిజమే. తక్కువ అంటే రావని కాదు. పైగా మన రంగులో ఈ పుండు చాలాసార్లు నల్లగానే ఉంటుంది, పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తాం. నేను సన్‌స్క్రీన్ అమ్మేవాణ్ణి కాదు.

సరళ, స్టాఫ్‌నర్స్ · 10:50

మెడ వెనక నలుపు అన్నారు కదా, షుగర్ చూపించారా?

మిరపచేను · 10:53

సరళ గారూ, అది ఎండది. నాలుగు దశాబ్దాలు వంగి పని చేసిన మెడ అది.

యాదగిరి ఆటో · 11:05

నేను 20 ఏళ్ళ సంది ఆటో నడుపుతున్నా అన్నా. కుడిచేయి మోచేతి నుంచి మణికట్టు దాకా ఎడమచేతి కంటే రెండింతలు నలుపు, అక్కడక్కడ గోధుమ రంగు చుక్కలు. ఎడమచేయి నున్నగా ఉంటది, కుడిది ముట్టుకుంటే గరుకు. ఒకే మనిషి, ఒకే రంగు, రెండు చేతులు.

ఫ్రిస్కో రవి · 11:20

యాదగిరి అన్న చెప్పిందే ఇక్కడ అమెరికాలో వైద్య పత్రికలో కూడా వచ్చింది, 2012లో. 69 ఏళ్ళ ట్రక్కు డ్రైవరు, 28 ఏళ్ళు నడిపాడు. ఇక్కడ డ్రైవరు ఎడమ పక్కన కూర్చుంటాడు కాబట్టి మొహంలో ఎడమ సగమే ముడతలు పడి తోలు వేలాడింది, కుడి సగం చిన్నవాడిలా ఉంది. అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ రకాన్ని కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది కానీ యూవీఏ రకం దాటి వచ్చేస్తుంది. అద్దం ఎత్తుకున్నాం కదా అని కారువాళ్ళు ధీమాగా ఉండొద్దు.

సరళ, స్టాఫ్‌నర్స్ · 11:41

మెడ దగ్గరే ఆగుతున్నానని విసుక్కోకండి. మా ఓపీకి వారంలో ఇద్దరు ముగ్గురైనా వస్తారు, మెడ ఎండకి నల్లబడిందని నిమ్మచెక్క, సెనగపిండి, ప్యూమిస్ రాయి పెట్టి రుద్ది రుద్ది. ఒకావిడ నాలుగేళ్ళు బ్లీచింగ్ చేయించుకుంది. చంక చూపించమ్మా అంటే అక్కడా అదే నలుపు, ముట్టుకుంటే మఖమల్ బట్టలా మెత్తగా. చంకకి ఎండ ఎక్కడిది? అది అకాంథోసిస్, చాలామందిలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయట్లేదనడానికి గుర్తు. ఎండ తోలైతే మందంగా, మొరటుగా, లోతు గీతలతో ఉంటుంది, చొక్కా కాలరు దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. కంటితో కాదు, వేలితో చూడాలి.

ఇంకోటి. ఎండ తగిలిన చోటే వచ్చింది కాబట్టి తప్పంతా ఎండదే అనుకోకూడదు. ఒకప్పుడు మన దక్కన్‌లో జొన్న మీదే బతికే పేదలకి మెడ చుట్టూ హారంలా, చేతుల మీద నల్లగా పొలుసులు లేచేవి. అది పెల్లాగ్రా, నియాసిన్ అనే విటమిన్ చాలక వచ్చే జబ్బు. హైదరాబాద్‌లో గోపాలన్, శ్రీకంటయ్య గార్లు 1960లోనే, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికి దీనితో సంబంధం ఉందని రాశారు. ఆ మనుషులకి గొడుగు ఇచ్చి పంపితే జబ్బు తగ్గేదా?

నల్లరేగడి · 11:58

చూశారా. నలుపుకి వంద కారణాలు. మిరపచేను గారు మాత్రం మొత్తం ఎండ ఖాతాలో వేసి 'పాడైంది' అంటారు.

మిరపచేను · సోమవారం, ఉదయం 6:10

నేను రాసింది చదవకుండానే జవాబిస్తున్నారు. మీ అమ్మగారి మొహం మీరు ఎప్పుడైనా వెలుతురులో దగ్గరగా చూశారా? చెవి పైఅంచు, కణత, కింది పెదవి? మా అమ్మా అంతే అనేది, 'మీ నాన్నకేం, ఉక్కు మనిషి' అని. ఉక్కు మనిషి ముక్కు మీద ఏడు కుట్లు పడ్డాయి. రైతు అనగానే పొగడటం, వాడి ఒంటి మీద పుండు ఉందేమో చూడకపోవడం, ఇదేం ప్రేమ?

నల్లరేగడి · 6:48

మా అమ్మ జోలికి రావద్దు.

నేను ఎందుకు పట్టుబడుతున్నానో చెప్తా వినండి. మా చెల్లి డిగ్రీలో ఉండగా సెలవుల్లో పొలం పనికి వచ్చేది. ఐదు సంబంధాలు తప్పిపోయాయి. ఒకాయన మా ఇంట్లో కూర్చుని, మేమిచ్చిన కాఫీ తాగుతూ 'పిల్ల మంచిదే, ఎండకి పాడైపోయింది' అన్నాడు. ఇదే మాట, పాడైపోయింది. అది వంటింట్లో గుమ్మం వెనక నిలబడి విన్నది. ఆ తర్వాత ఏడాది పాటు సాయంత్రం ఐదైతే తప్ప బయటికి రాలేదు. మీరు వైద్యం మాట్లాడుతున్నా అనుకుంటున్నారు, నాకు ఆ గొంతే వినిపిస్తోంది.

కడప అమ్మాయి · 7:20

ఆ మాట నేనూ విన్నాను అన్నయ్యా. బాబు పుట్టాక బుగ్గల మీద మంగు వచ్చింది. ఎండకి ముదురుతుంది నిజమే, కానీ కాన్పు, హార్మోన్లు కూడా కారణం. అందరూ మొహం పాడైంది అంటుంటే టెన్షన్ తట్టుకోలేక మందుల షాపులో చీటీ లేకుండా ఒక ట్యూబు తెచ్చుకున్నా. రెండు వారాల్లో తెల్లబడ్డా. ఆరు నెలలకి తోలు ఉల్లిపొరలా పల్చబడి ఎర్రటి నరాలు కనిపించాయి, గడ్డం మీద వెంట్రుకలు, గుమ్మం దాటితే మంట. అందులో ఉన్నది స్టెరాయిడ్. ఎండ చేసినదానికంటే ఆ ట్యూబు చేసిందే ఎక్కువ.

యాదగిరి ఆటో · 7:31

ఇప్పుడు ఎలా ఉంది అమ్మా?

కడప అమ్మాయి · 7:35

డాక్టరు దగ్గర మాన్పించుకుంటున్నా అన్నా, ఏడాది పట్టేలా ఉంది.

మిరపచేను · మధ్యాహ్నం 1:15

నల్లరేగడి గారూ, పొద్దున అమ్మగారిని మధ్యలోకి లాగాను, తప్పు నాది. ఆ 'పాడు' మాట వెనక్కి తీసుకుంటున్నా. రంగు మారడమే జబ్బు అన్నట్టు రాశాను, అక్కడ పొరపడ్డాను. కానీ నాన్న ముక్కు విషయంలో వెనక్కి తగ్గను.

రంగు సంగతి పక్కన పెట్టండి. మోచేతి లోపలి వైపు, పంచె కప్పే తొడ, అవి మన అసలు చర్మం. దాంతో ముంజేతిని, మెడని పోల్చి వేలితో తడమండి. నలుపు ఒక్కటే ఎక్కువైతే అది కొన్ని వారాలో నెలలో నీడపట్టున ఉంటే చాలావరకు పోతుంది. గరుకు, పోని గోధుమ చుక్కలు, మందమెక్కిన తోలు, ఇవైతే ఎండ జమ చేసిన లెక్క. భయపడాల్సింది నెలైనా మానని పుండుకి, పెచ్చు ఊడి ఊడి రక్తం వచ్చేదానికి, పెరుగుతూనో రంగు మారుతూనో ఉన్న మచ్చకి. నాన్నకి ఇది ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే కందిగింజంత ఉండగానే తీసేసేవాళ్ళు.

సరళ, స్టాఫ్‌నర్స్ · 1:40

అరికాలు, అరచేయి, గోటి కింద నల్లగీత కూడా చూడండి. మనలాంటి రంగువాళ్ళకి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వస్తే ఎక్కువగా అక్కడే, దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. మిరపచేను గారూ, షుగర్ సంగతి మీరు చెప్పలేదు.

నల్లరేగడి · రాత్రి 8:05

సాయంత్రం అమ్మని అరుగు మీద కూర్చోబెట్టి చూశా. 'ఏం వెతుకుతున్నావురా' అంది. పుండ్లేం లేవు. కణత దగ్గర చిన్నచిన్న నల్లమొనలు, కంటి చుట్టూ ముడతల మధ్య గింజల్లా ఇరుక్కుని ఉన్నాయి. చెవి అంచు గరుకుగానే ఉంది. ఆ మొనలేంటి?

సరళ, స్టాఫ్‌నర్స్ · 8:22

ఏళ్ళ తరబడి ఎండలో ఉన్నవాళ్ళకి కంటి పక్కన అలా వస్తాయి, చుట్ట తాగేవాళ్ళకి ఇంకా ఎక్కువ. ప్రమాదం కాదు, గిల్లొద్దు. చెవి అంచు గరుకు మాత్రం ఒకసారి చర్మ డాక్టరుకి చూపించండి.

నల్లరేగడి · 8:25

చుట్ట తాగుతుంది. చూపిస్తా.

మిరపచేను · గురువారం, ఉదయం 9:02

సరళ గారూ, కుట్ల దగ్గర చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు పరగడుపున షుగర్ చేయించాం. 148 ఉంది. చంక కూడా చూశాను.