కొండమీది చిత్తడిలో ఒక రాత్రి చేపల వేట: ఏం మర్చిపోతున్నాను?

బెండు మునిగింది:
మేం ఆరుగురం. 2,800 మీటర్ల ఎత్తున ఉన్న ఒక చిత్తడికి ట్రౌట్ కోసం వెళ్తున్నాం, ఒక రాత్రి అక్కడే ఉంటాం. చెరువు గట్టున గాలం వేయడం అందరికీ అలవాటే కానీ అంత ఎత్తుకు ఎవరమూ వెళ్లలేదు. ఇద్దరికైతే టెంట్‌లో పడుకోవడమే కొత్త. పర్మిట్లు వచ్చాయి, ప్లానింగంతా నా నెత్తిన పడింది. పొద్దున్నే కింద నుంచి బయల్దేరి, సాయంత్రానికి చేరి, నీళ్ల ఒడ్డునే టెంట్లు వేసుకుని రాత్రంతా వేట. మాలో ఒకడు "పగలు ఎండ మాడుస్తుంది, టీషర్టు చాలు" అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

పాత గాలం:
"నీళ్ల ఒడ్డునే" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మేమూ అదే చేశాం. గడ్డి మెత్తగా ఉంది, చేప ఎగిరితే పడుకునే చూడొచ్చు అనుకున్నాం. పొద్దుగూకాక కొండల మీది చల్లగాలి బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారి చిత్తడిలో నిలబడిపోతుంది. అసలే వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, దాని మీద ఇదొకటి. మూడింటికి మెలకువ వచ్చి చూస్తే మా ఊపిరి తేమే టెంట్ లోపలి గుడ్డకు మంచుపొడిలా అంటుకుని ఉంది, కదిలితే మొహం మీద రాలుతోంది. తెల్లారి గాలం విసరబోతే దారం కదల్లేదు. కర్రకున్న రింగులన్నీ గడ్డకట్టాయి. ఒక్కో రింగునూ నోటి దగ్గర పెట్టుకుని ఊది కరిగించాం. ఈలోగా చేపలు ఎర తినే వేళ కాస్తా అయిపోయింది.

కాబట్టి చిత్తడికి కాస్త పైన ఎత్తైన పొడినేల చూసుకోండి. నడక ఎక్కువైనా పర్వాలేదు. టీషర్టు మిత్రుడికి ఉన్ని బట్టలు మీరే సర్దండి, నూలు బట్ట తడిస్తే ఒంట్లో వేడినంతా లాగేస్తుంది.

రెండోది, ఒక్కరోజులో ఎక్కేయకండి. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం ఎవరికైనా రావచ్చు, బలశాలికి కూడా. దారిలో ఒక రాత్రి ఆగండి. లక్షణాలున్నవాడు ఇంకా పైకి వెళ్లకూడదు. ముదిరితే అర్ధరాత్రైనా కిందికి దించాల్సిందే. అందుకే ఎవరు తోడు దిగాలో ముందే అనుకోండి.

రాత్రంతా వేట కూడా వద్దు. చాలాచోట్ల రాత్రి ట్రౌట్ పట్టడం నిషేధం, మీ పర్మిట్ చదవండి. సాయంత్రం చివరి గంట, తెల్లవారు మొదటి గంట చాలు. వాగు వచ్చి కలిసే చోట వేయండి, పారే నీళ్లు చల్లగా ఉంటాయి, ఆక్సిజన్ కూడా ఎక్కువ.

ఊబి:
అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. అక్కడ గట్టు అనుకునేది చాలాసార్లు గట్టు కాదు, నీళ్ల మీద తేలే గడ్డి చాప. మీరు అడుగు వేస్తే నాలుగు గజాల అవతల గడ్డి ఊగిందంటే వెనక్కి రండి. చేతిలో కర్ర ఉండాలి, ముందు కర్ర, తర్వాత కాలు. దిగబడితే గుంజుకోకండి. వెనక్కి వాలి, బరువు పరిచి, ఒక్కో కాలూ మెల్లగా తీయాలి. చీకటి పడ్డాక ఒంటరిగా ఎవరూ ఒడ్డుకు వెళ్లకూడదు.

బెండు మునిగింది:
థాంక్స్ అన్నా. స్టవ్ టెంట్‌లోనే వెలిగిస్తే వెచ్చగా ఉంటుందని మావాళ్ల ఐడియా.

పాత గాలం:
వద్దు! కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పడుకున్నవాళ్లు లేవరు. వంట బయటే. ఆ ఎత్తున నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, వంటకు ఎక్కువసేపు పడుతుంది, గ్యాస్ ఆ లెక్కన పట్టుకెళ్లండి. ఉరుము వినబడగానే కార్బన్ గాలం కర్ర కింద పడేయండి, దాంట్లో కరెంటు పారుతుంది.

బెండు మునిగింది:
ప్లాన్ మార్చాను. రెండు రాత్రులు, మొదటిది దారిలో. ఇదంతా టీషర్టు వాడికి చూపించాను. "సరే, ఎవరి దగ్గరైనా స్వెట్టర్ ఎక్కువుందా?" అంటున్నాడు.