ఓట్లకి తగ్గట్టు సీట్లు రావాలంటే ఏ పద్ధతి మేలు? తెలిసినవాళ్ళు చెప్పండి

నమస్తే అండీ. పార్లమెంటు జనానికి అద్దంలా ఉండాలంటారు కదా, దాని గురించి కొన్నాళ్ళుగా చదువుతున్నా, ఒకచోట ఆగిపోయా, కాస్త సాయం కావాలి.

2024 బ్రిటన్ ఎన్నికలే చూడండి, లేబర్ పార్టీకి దాదాపు 34 శాతం ఓట్లొస్తే 650లో 411 సీట్లొచ్చాయి, రిఫార్మ్ పార్టీకి 14 శాతం పైనే పడ్డా వచ్చినవి 5 సీట్లు. ఆ పార్టీ మనకి నచ్చుతుందా లేదా అన్నది పక్కన పెట్టండి, 40 లక్షల మందికి పైగా ఓటేస్తే సభలో వాళ్ళ గొంతు ఇంత సన్నగా ఉండటం నాకు అస్సలు మింగుడు పడట్లేదు.

న్యూజిలాండ్ వాళ్ళు 1993లో రెఫరెండం పెట్టి 1996 ఎన్నికల నుంచి పద్ధతే మార్చేశారు, ఒక్కొక్కరికీ రెండు ఓట్లు, ఒకటి నియోజకవర్గంలో అభ్యర్థికి ఇంకోటి పార్టీకి, ఆ పార్టీ ఓటుని బట్టే ఎవరికెన్ని సీట్లో తేలుతుంది, నియోజకవర్గాల్లో గెలిచినవి చాలకపోతే మిగతావి పార్టీ లిస్టులోంచి నింపుతారు. బాగానే ఉంది.

నా డౌటల్లా ఇక్కడే. లిస్టులో పేర్ల వరుస పెట్టేది పార్టీయే కదా, మరి అలా వచ్చిన ఎంపీ ఎవరికి జవాబు చెప్పుకోవాలి, జనానికా పార్టీ పెద్దలకా? ఐర్లాండ్‌లో లాగా బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని ఓటరే నంబర్లేస్తే ఈ ఇబ్బంది తగ్గుతుందా, లేక లెక్కింపు ఆలస్యమయ్యి కొత్త తలనొప్పులొస్తాయా?

ఈ రెండు పద్ధతుల్లో దేంట్లో అయినా ఓటేసినవాళ్ళుంటే దయచేసి రాయండి, ముఖ్యంగా మీ సమస్య పట్టుకుని వెళ్తే లిస్టు ఎంపీ పట్టించుకున్నారా లేదా అన్నది.