మాటలు రాని రోజుల్లో జపమాల ఎలా చెప్పుకోవాలి?

ప్రశ్న (పుత్తూరు నుంచి)

అందరికీ వందనాలు. నా భార్యకు కిడ్నీలు రెండూ పాడయ్యాయి. మంగళ, గురు, శనివారాల్లో తిరుపతిలో డయాలసిస్. తెల్లవారకముందే బస్సెక్కుతాం. మిషన్ మీద నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ నేను బయట వరండాలో బెంచీ మీద కూర్చుంటాను.

మేం మొదటి నుంచీ ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్కులం. మా అమ్మ అక్టోబర్ నెలంతా ఇంటింటికీ మరియమాత స్వరూపాన్ని తీసుకెళ్లి జపమాల చెప్పించేది. ఆ జపమాలే ఇప్పుడు నా జేబులో ఉంది.

సొంతంగా ప్రార్థన చేద్దామంటే మాట రావడం లేదు. 'ప్రభువా' అంటాను, ఆ తర్వాత ఏమనాలో తెలియదు. పొటాషియం ఎంతొచ్చిందో, పాప స్కూల్ ఫీజు ఎలా కట్టాలో, అవే తిరుగుతుంటాయి. అందుకని జపమాల తీస్తాను. నోరు మంగళవార్త జపం (మరియమ్మకు చెప్పే జపం) చెబుతుంటుంది, చెవులు మాత్రం లోపల మిషన్ అలారం మోగుతుందేమోనని చూస్తుంటాయి.

మా బావమరిది వేరే సంఘానికి వెళ్తాడు. మంచివాడు, రక్తం కావాలంటే అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చింది అతనే. మొన్న నా పక్కన కూర్చుని, "బావా, చెప్పిందే చెప్పడం వ్యర్థమని మత్తయి 6:7లో ఉంది. మరియమ్మను అడగడం ఎందుకు, నేరుగా యేసయ్యనే అడుగు" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. అతనితో వాదించి గెలవాలని కాదు. మనసు నిలవని జపానికి విలువ ఉందా? ఇలాంటి రోజులు దాటినవాళ్లు ఎలా చేశారో చెప్పండి.

జవాబు (రిటైర్డ్ నర్సు, చిత్తూరు)

నాయనా, మీరు బెంచీ మీద కూర్చుని చెప్తున్నది ప్రార్థనే. అందులో అనుమానం పెట్టుకోవద్దు.

వార్డులో ఎన్నో ఏళ్లు ఎందరికో ధైర్యం చెప్పాను. మా ఆయన మంచాన పడ్డప్పుడు నాకూ నోరు పెగల్లేదు. అప్పుడు ఆదుకున్నది చిన్నప్పుడు నేర్చుకున్న జపాలే. మనకు శక్తి లేనప్పుడు చెప్పుకోవడానికే పెద్దవాళ్లు వాటిని కంఠతా పట్టించారని నా నమ్మకం.

మనసు నిలవడం లేదన్నారు. ఫ్రాన్స్ సన్యాసిని చిన్న తెరేసమ్మ గారు, శ్రీసభ (క్యాథలిక్ సంఘం) 1997లో వేదపండితురాలిగా, అంటే విశ్వాసం బోధించే గొప్ప గురువుగా ప్రకటించిన పునీతురాలు, ఒంటరిగా జపమాల చెప్పడం తనకు ఎంతో కష్టమని, దేవరహస్యాల (జపమాలలో ధ్యానించే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాల) మీద మనసు ఎంత ప్రయత్నించినా నిలవదని రాసుకున్నారు. అలాంటప్పుడు పరలోక జపం ('పరలోకమందున్న మా తండ్రీ') ఒకసారి, మంగళవార్త ఒకసారి మెల్లగా చెప్పుకునేవారట. ప్రార్థనలో నిద్రపోయేదాన్నని కూడా రాశారు. అందుకు ఆమె దిగులుపడలేదు. పిల్లలు మేలుకున్నా నిద్రపోయినా తల్లిదండ్రులకు ముద్దే కదా, ఆపరేషన్ చేసేముందు డాక్టర్లు రోగిని నిద్రపుచ్చుతారు కదా అన్నారు. నర్సుని కాబట్టి ఈ రెండో మాట నాకు మరీ ఇష్టం.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. మీకు గురువారం డయాలసిస్ ఉంది. గురువారం వెలుగు దేవరహస్యాలు, 2002లో రెండో జాన్ పాల్ పాపుగారు చేర్చినవి. వాటిలో రెండోది కానా పెళ్లి. యోహాను 2వ అధ్యాయం తీసి చదవండి. అక్కడ మరియమ్మ పెద్ద ప్రార్థనేమీ చెయ్యలేదు. వాళ్ల దగ్గర ద్రాక్షారసం లేదు అని మాత్రమే కొడుకుతో అంది. ఎలా చెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో చెప్పలేదు. మీరూ అంతే చెయ్యండి. 'అమ్మా, మా ఇంట్లో డబ్బు లేదు. నా భార్యకు ఓపిక లేదు. నాకు నిద్ర లేదు.' ఒక్కోటి చెప్పి ఒక్కో పూస జరపండి. అయిదు రహస్యాలూ పూర్తి చెయ్యాలన్న టెన్షన్ వద్దు, ఆ రోజుకి ఒక రహస్యం, పది పూసలు చాలు. మంగళవారం దుఃఖ దేవరహస్యాలు, శనివారం సంతోష దేవరహస్యాలు వస్తాయి. మీ ఇంట్లో ఇప్పుడు సంతోషం లేకపోయినా శనివారం వాటినే చెప్పండి, ఆ క్రమాన్ని మార్చకండి.

ఒక హెచ్చరిక. ప్రార్థనతో నయమైపోతుంది, డయాలసిస్ మానేయండి అని ఎవరైనా అంటే వినవద్దు. నా సర్వీసులో అలా మానేసి ఆలస్యంగా వచ్చినవాళ్లను చూశాను. మందూ ప్రార్థనా రెండూ ఉండాలి.

జవాబు (సత్యోపదేశం చెప్పే టీచర్, తిరుపతి)

అన్నా, మీ బావమరిది చూపించిన వాక్యం నిజమే. ఎక్కువ మాట్లాడితేనే దేవుడు వింటాడనుకోవద్దని ప్రభువు చెప్పారు. కానీ సిలువకు ముందు రాత్రి గెత్సేమనె తోటలో ఆయనే మూడోసారి కూడా అవే మాటలతో ప్రార్థించారని మత్తయి 26:44లో ఉంది. 136వ కీర్తనలో 26 వచనాలు, ప్రతిదాని చివరా 'ఆయన కృప నిరంతరముండును' అనే ఉంటుంది. అంటే మళ్లీ మళ్లీ చెప్పడంలో తప్పు లేదు. చెబితే చాలు దేవుడు లొంగిపోతాడు అనుకోవడమే తప్పు.

మంగళవార్త జపంలో మొదటి సగం లూకా మొదటి అధ్యాయంలోదే: 28వ వచనంలో గాబ్రియేలు దూత పలికింది, 42లో ఎలిజబెతమ్మ పలికింది. రెండో సగంలో మనం అడిగేది 'మా కొరకు ప్రార్థించండి' అనే. మీ కోసం ప్రార్థించమని మీ బావమరిదిని అడిగితే అతను కాదంటాడా? మరియమ్మ చేసే సహాయం క్రీస్తు ఏకైక మధ్యవర్తిత్వాన్ని ఏమాత్రం తగ్గించదని ప్రపంచ బిషప్పుల సభ అయిన రెండో వాటికన్ మహాసభ 1964లో స్పష్టంగా చెప్పింది. ఇవి వాదనకు కాకుండా, మీ మనసు కుదుటపడటానికి ఉంచుకోండి. అతను రక్తం ఇచ్చిన మనిషి. ఇద్దరూ కలిసి ఒక పరలోక జపం చెప్పుకోండి, అది ఇద్దరికీ సమ్మతమే.

జవాబు (తిరుపతి, కొర్లగుంట)

అన్నా, మేం క్రైస్తవులం కాదు. ఏటా అలిపిరి మెట్లెక్కి కొండకు పోయేవాళ్లం. మా పక్కింటివాళ్లతో ఒకసారి తమిళనాడులోని మరియమాత క్షేత్రం వేళాంగణి వెళ్లాను. బసిలికా నుంచి మాత కొలను దాకా ఇసుకదారిలో జనం మోకాళ్లమీద పోతున్నారు. ఆ ఎండలో ఒక ముసలమ్మ పక్కనే మనవడు గొడుగు పట్టుకుని నడిచాడు. మా కొండ మెట్లమీద కూడా అలాంటివాళ్లను చూస్తుంటాను కాబట్టి నాకు కొత్తగా అనిపించలేదు, కళ్లల్లో నీళ్లొచ్చాయి. డయాలసిస్ రోజుల్లో తిరుపతిలో భోజనానికో, పాపను చూసుకోవడానికో మనిషి కావాలంటే ఇక్కడే రాయండి. మా ఇల్లు బస్టాండుకి దూరం కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కానా పెళ్లి గురించి నర్సమ్మ రాసింది గురువారం వరండాలోనే చదివాను. చాలా రోజులకు నోరు విప్పి అడగగలిగాను.

ఇంకొక్క మాట. నా భార్య జపమాల వద్దంటోంది. "ఇన్నేళ్లు చెప్పాను, ఏమొచ్చింది" అంటోంది. ఆమెను బలవంతపెట్టాలా? వేళాంగణి తీసుకెళ్తే మనసు మారుతుందా?

జవాబు (రిటైర్డ్ నర్సు, చిత్తూరు)

బలవంతం వద్దు నాయనా. 88వ కీర్తన చూడండి, మొదటినుంచీ ఫిర్యాదే, చివరకు చీకటితోనే ముగుస్తుంది. అది కూడా బైబిల్లో ప్రార్థనే. ఆమె కోపాన్ని ఆపకండి, జపమాల మీరు చెప్పండి, ఆమె వినకపోయినా ఫర్వాలేదు.

ఫ్రాన్స్‌లోని లూర్దులో 1858లో మాత దర్శనం పొందిన బెర్నదెత్తమ్మకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. అందరికీ ఆ ఊటనీళ్లు చూపించిన మనిషి, జబ్బుతోనే 35 ఏళ్లకు చనిపోయింది. అక్కడికి ఏటా లక్షలమంది వెళ్తారు, అద్భుతాలుగా శ్రీసభ గుర్తించినవి ఇన్నేళ్లలో 70 చిల్లర మాత్రమే. నయం కాలేదంటే మరియమ్మకు మీ భార్య మీద ప్రేమ లేదని కాదు. ఈ మాట ఆమెకు మీరు చెప్పకండి, ఆమె అడిగితే నేను ఫోన్లో మాట్లాడతాను.

మీ విచారణ (మీ ఊరి గుడి) ఫాదర్‌గారిని ఇంటికి పిలిచి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (జబ్బుపడ్డవాళ్లకు పవిత్ర తైలం పూసి చేసే ప్రార్థన) ఇప్పించండి. అది చనిపోయేవాళ్లకే అని మనవాళ్లు భయపడతారు, కాదు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లందరికీ. ముందు ఆమెకు ఇష్టమో కాదో అడగండి.

వేళాంగణికి ఆమె తనంతట తాను వస్తానంటేనే వెళ్లండి. ఆగస్టు 29 నుంచి సెప్టెంబర్ 8 దాకా ఉత్సవాల రద్దీ, ఆ రోజుల్లో వద్దు. శనివారం డయాలసిస్ అయ్యాక బయలుదేరి, మంగళవారం లోపల వెనక్కి రావాలి. నీళ్లు, ఉప్పు కొలత ప్రయాణంలోనూ తప్పకూడదు. టికెట్లు తీసే ముందు డాక్టర్‌గారిని అడగండి.