జపాన్ పట్టు మిల్లుల దారి మన చిటికి మగ్గానికి పనికొస్తదా?

మూసీ_ఒడ్డు: 1872ల జపాన్ సర్కారే తొమియోకల 300 బేసిన్ల (పట్టు కాయలు ఉడికించి దారం తీసే గిన్నెలు) పట్టు మిల్లు కట్టింది. ఫ్రెంచి ఇంజనీరును పిలిచి పని నేర్పించింది, 1893ల మిత్సుయికి అమ్మింది. చిటికి (పోగులకు కట్లు కట్టి రంగేసి నేసే ఇక్కత్) నేసే పోచంపల్లిల గూడ సర్కారే పెద్ద మిల్లు పెట్టాలె. బ్రిటన్ లెక్క నిదానంగ పోతే మగ్గాలు మిగలవు.

నాడె_కండె: సగమే చెప్పినవ్ అన్నా. తొమియోక సర్కారు చేతుల ఎక్కువ నష్టాలల్లనే నడిచింది. ఊరూరికి పాకింది జపాన్‌లనే సువా దిక్కు మిల్లుల నమూనా: ఇనుము, రాగి తీసేసి చెక్క చట్రం, మట్టి గిన్నెలు. ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం చేసిన ఆసు (చిటికి కట్టే ముందు అడ్డం పోగును, అంటే పేకను, మేకుల మీద చుట్టుడు) యంత్రం గూడ గంతే. చీరకు నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నర, రెండు గంటలల్ల అయితది. మగ్గం ముట్టలే, రంగు ముట్టలే.

గద్వాల_పేక: యంత్రం ముచ్చటే గాని పన్ను ముచ్చట ఎవలూ ఎత్తరు. బ్రిటన్ 1721లనే అద్దకం నూలు బట్ట కట్టుకునుడు చానా వరకు బంద్ పెట్టింది. అటెన్క 1771ల ఆర్క్‌రైట్ క్రామ్‌ఫర్డ్ మిల్లు. మనకేమో 1896ల మిల్లు గుడ్డ మీద మూడున్నర శాతం ఎక్సైజు.

నాడె_కండె: జపానుకు గూడ 1911 దాక సుంకాల మీద పూర్తి పెత్తనం లేదు గద.

గద్వాల_పేక: పట్టు ఎగుమతి చేసెటోనికి దిగుమతి సుంకంతోని పనేంది? నూలు సంగతి చెప్పు.

నాడె_కండె: చెప్త. ఒసాకా నూలు మిల్లు 1883ల 10,500 కదుర్లతోని మొదలైంది. రాత్రి షిఫ్టు నడిపి, అవే కదుర్లను రెండింతలు వాడుకున్నరు.

చండూరు_కూడలి: ఇగ తెల్లారుతది.

మూసీ_ఒడ్డు: మరమగ్గాలు పెడితే అయిపాయె.

నాడె_కండె: ఎట్ల? పేకకు గూడ చిటికి కట్టి రంగేసినంక, పోగు పోగుకు చేత్తోని జరిపి డిజైన్ కలిపినంకనే అచ్చు (పోగును దగ్గరికి జరిపే మగ్గం దువ్వెన) కొట్టాలె. నిమిషానికి వందకు పైగ పోగులేసే మరమగ్గం మీద దానికి తావేది? రబ్బరు కట్టు జర వదులైతే రంగు లోపటికి పాకి అంచు చెదురుతది, గది గూడ చేతిమీదనే సర్దాలె. బజార్ల అగ్గువకు దొరికేది ప్రింటు, చిటికి కాదు.

పుట్టపాక_నూనె: ఆసు పోసేది ఇంట్ల ఆడోళ్లు. మాస్టర్ వీవర్ (నూలిచ్చి కూలికి నేయించుకునేటోడు) ఇచ్చేది చీర లెక్క, అండ్ల ఆసుకు వేరే కూలి లేదు. గంటలు మిగిలినయంటరు, ఎవలకు మిగిలినయ్? సువా మిల్లులల్ల గూడ కూలి మొత్తం ముందే ఖాయం చేసి, దారం చూసి పంచేటోళ్లు. ఒకామెకు పెరిగితే ఇంకొకామెకు కోత. పెద్ద మిల్లా చిన్న యంత్రమా అని కొట్లాడుడు ఆపి, ఆసు కూలి వేరే రాయమనుర్రి.

నాడె_కండె: వేరే రాస్తే, ఆసు పోసిన పేక బయట కొంటడు. ఆ పైసలు ఇంటికి రావు.

పుట్టపాక_నూనె: కొననియ్. రేటన్న తెలుస్తది. ఇప్పుడు సున్నా.

మూసీ_ఒడ్డు: నేనడిగింది జపాన్ గురించి.